ఔనన్న మాట

"ఔనన్నాను వదినా. ఆయన ఏమంటే దానికల్లా ఔనన్నాను. అదే ఇప్పుడు నా మెడకి చుట్టుకుంది."

"ముందు కూర్చో. ఆ చొక్కాలు పక్కకి జరిపి కూర్చో."

"కూర్చోడానికి రాలేదు."

"నిలబడి చెప్తే నా బుర్రకెక్కదు. కూర్చో అమ్మాయ్. ఇదిగో, సూది తీసుకో. బొత్తాలు కుడుతూ చెప్పు. చేతులు ఊరికే ఉంటే ఏడుపొస్తుంది."

"ఏడవను. ఏడ్చే దశ దాటిపోయింది."

అది ఆడపడుచు ఇంటి ముందుగది. కుట్టుమిషను చుట్టూ బడిపిల్లల తెల్లచొక్కాలు, కత్తిరింపు బల్ల కింద గుడ్డముక్కల గుట్ట, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ. ఈ ఇంట్లో ఏ కష్టమైనా చెప్పుకోవచ్చన్నది పెళ్ళయిన నాటి నుంచీ మరదలికి ఉన్న ధీమా. వస్తున్నానని ఫోన్ చేసి, ఆటో దొరక్కపోతే నడిచే వచ్చింది.

"వాడితో గొడవపడ్డావా?"

"గొడవపడితే బాగుండేది వదినా. నాలుగు మాటలు అని, నాలుగు పడి, సాయంత్రానికి మామూలైపోయేవాళ్ళం. గొడవ లేదు, మాటా లేదు. వెళ్ళిపోయారు."

"ఎక్కడికి?"

"నన్నడుగుతారేం? మీ తమ్ముడు. ఇక్కడికి గానీ వచ్చారా?"

"వాడు ఎక్కడికెళ్ళినా నాకు చెప్పే వెళ్తాడా ఏంటి. సరేగానీ, మొదట్నించీ చెప్పు. ఆ ఆదివారం ఆటలోనేనా ఇదంతా?"

"ఆట కాదు, వర్క్‌షాప్."

"ఏదో ఒకటి. నాకు సరిగ్గా తెలీదు. వాడు రెండుమూడు సార్లు ఏదో చెప్పాడు గానీ, నేను విననే లేదు."

"గ్రంథాలయం మేడ మీద హాల్లో జరుగుతుంది. పైసా కట్టక్కర్లేదు. నాట్యం చేసేవాళ్ళు, నాటకాలాడేవాళ్ళు, ఏదీ రాకపోయినా సరదా ఉన్నవాళ్ళు, ఎవరైనా రావచ్చు. గొడుగు మాస్టారని ఒకాయన నడుపుతాడు. ఎండైనా వానైనా ఆయన చంకలో గొడుగు ఉంటుంది, అందుకని ఆ పేరు. అక్కడ రాసిపెట్టుకున్న మాటలుండవు, నేర్చుకున్న అడుగులుండవు. ఇద్దర్ని మధ్యలో నిలబెట్టి ఒక సందర్భం ఇస్తారు. అప్పటికప్పుడు పుట్టించుకుని ఆడాలి."

"అప్పటికప్పుడు అబద్ధాలు పుట్టించడానికి హాలెందుకమ్మా. ఇల్లు చాలదూ."

"మొదట్లో నేనూ ఇలాగే వెటకారం చేశాను. రానంటే రానని మొండికేశాను. మోకాలు పోయి స్టేజీ దిగాక నాకు నాట్యమంటే ఏం మిగిలింది చెప్పండి. ముందుగదిలో అద్దాల ముందు కుర్చీలో కూర్చుని, నేర్చుకునే పిల్లలకి తాళం వెయ్యడం. అంతే. 'ఆడలేక మద్దెల ఓడు' అంటారే, అలా కూడా అనడానికి లేదు, మద్దెల బాగానే ఉంది. నేనే ఓడు. అలాంటిదాన్ని బతిమాలి, నచ్చజెప్పి అక్కడికి తీసుకెళ్ళింది మీ తమ్ముడే."

"వాడేనా?"

"ఆయనే. నీకు మంచిది, ఒకసారి వచ్చి చూడు, నచ్చకపోతే వచ్చేద్దువుగాని అన్నారు. వెళ్ళాను. కుంటుతూ నడుస్తుంటే గొడుగు మాస్టారు ఆపి, ఆ కుంటుని దాచకమ్మా, అదీ ఒక లయే, దాంతోనే నడువు అన్నాడు. నడిచాను. బ్యాంకులో పనిచేసే ఒకావిడ, డోలు వాయించే ముసలాయన, పొడుగు నర్సు, అందరూ నా వెనకాల అదే నడక నడిచారు. వెక్కిరింత కాదు వదినా. నిజంగా నడిచారు. ఆ వేళ ఇంటికొచ్చి, స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చాను. సంతోషంతో."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఇలాంటివి చెప్తే పలచనైపోతాయని చెప్పలేదు. ఇప్పుడు పలచన కావడానికి ఏం మిగిలిందని."

"సూది చూసుకో. వేలికి గుచ్చుకుంటుంది."

"అక్కడ ఒకటే షరతు. ఎదుటిమనిషి ఏమన్నా కాదనకూడదు. నువ్వు రాణివి అంటే, ఔను, నా కిరీటం ఏదీ అనాలి. నువ్వు కాకివి అంటే, ఔను, ఈ గోడ నాది అనాలి. కాదంటే ఆట అక్కడే చచ్చిపోతుంది. ఔనని, దానికి ఇంకొంచెం కలిపి తిరిగివ్వాలి. నాకిది బాగా పట్టుబడింది. ఇంట్లో చేసేది అదేగా."

"తర్వాత?"

"నిన్న మాస్టారు ఇచ్చింది ఇంతే. ఒక ఇల్లు, పొద్దుటిపూట, ఒకరు ప్రయాణానికి తయారుగా ఉన్నారు. మేమిద్దరం చేస్తామని మీ తమ్ముడు లేచారు. ఎప్పుడూ నన్నొదిలేసి వేరేవాళ్ళతో ఆడే మనిషి, ఇవాళ నా చెయ్యిపట్టుకు లేవదీశారని ముచ్చటపడిపోయాను. నాకంటే వెర్రిది ఇంకొకతి ఉంటుందా."

"ఊఁ."

"నేను వెళ్తున్నాను అన్నారు. ఔను, పెట్టె గుమ్మం దగ్గర పెట్టాను అన్నాను. అందరూ నవ్వారు. మళ్ళీ రాను అన్నారు. ఔను, అందుకే చలికోటు కూడా పెట్టాను అన్నాను. మళ్ళీ నవ్వారు. ఈ ఇంట్లో నాకు ఊపిరాడట్లేదు అన్నారు. ఔను, కిటికీలు మూసింది నేనే, బయటి చప్పుడు మీకు పడదని అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఇల్లు ఖాళీ చేసేద్దాం, నీ దారి నీది, నా దారి నాది అన్నారు. ఔను, గోడకున్న అద్దాలు నేను విప్పుకుంటాను, మేకులు మీరు పీకండి అన్నాను."

"అలా అన్నావా? నిజంగా?"

"నిజంగా ఏంటి వదినా, ఆటలో అన్నాను. బాగా వస్తోంది, ఇద్దరం బాగా ఆడుతున్నాం అనుకుంటూ అన్నాను. నా మీద నీకు కోపం లేదు కదా అని కూడా అడిగారు. ఔను, కోపం ఎప్పుడో ఆరేశాను, ఎండిపోయి ఉంటుంది అన్నాను. చప్పట్లు. గొడుగు మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఇంత నిజంగా ఈ హాల్లో ఎవరూ చెయ్యలేదన్నాడు. నేను వంగి అందరికీ నమస్కారం పెట్టాను. నా కాపురం కూలుతుంటే వంగి నమస్కారం పెట్టాను వదినా."

"టీ పెట్టనా?"

"వద్దు."

"కాస్త గొంతు తడుపుకో. పెడతాను."

"వద్దన్నానుగా. ఇవాళ వద్దన్నమాట వద్దనే. పొద్దున ఆయన పెందలాడే వెళ్ళిపోయారు. ఆఫీసులో పనుందేమో అనుకున్నాను. కాసేపటికి ఇంటి ఓనరు తలుపు తట్టాడు. చేతిలో కొలతల టేపు. ముందుగది కొలుచుకుంటానమ్మా, వచ్చేవాళ్ళు బీరువా పడుతుందా అని అడుగుతున్నారు అన్నాడు. వచ్చేవాళ్ళెవరండీ అన్నాను. ఆయన నాకేసి అదోలా చూశాడు. మీరు నెలాఖరుకి ఖాళీ చేస్తున్నారటగా, మీవారు పోయిన వారమే చెప్పారే అన్నాడు. పోయిన వారం, వదినా. ఆ ఆట ఆడింది నిన్న."

ఆడపడుచు మిషను చక్రం మీద చెయ్యి వేసింది గానీ తిప్పలేదు.

"నువ్వేమన్నావు?"

"ఏమంటాను. అద్దాల ముందు టేపు పట్టుకుని ఆయన నిలబడితే, ఆ చివర నేను పట్టుకున్నాను. అంతగా అలవాటైపోయింది నాకు, ఎవరేం చేస్తుంటే దానికి చెయ్యివెయ్యడం. ఆయన వెళ్ళాక ఫోన్ చేశాను. ఎత్తి, ఏమన్నారో తెలుసా? 'నిన్న ఔనన్నావుగా. అంతమంది ముందు అన్నావు. నేనేమైనా బలవంతం చేశానా?' అన్నారు. ఆటలో అన్నానండీ అన్నాను. 'ఆటలోనే మనిషి నిజం మాట్లాడేది. మాస్టారు ఎప్పుడూ చెప్పేది అదేగా' అన్నారు. పెట్టేశారు. మళ్ళీ ఎత్తలేదు."

"తప్పు చేశాడు. అలా అనడం తప్పే."

"అనడం ఒక్కటే తప్పా?"

"మెల్లగా మాట్లాడమ్మా. పక్కిళ్ళవాళ్ళు వింటారు."

"వింటే విననివ్వండి. ఊరందరూ చప్పట్లు కొట్టాక ఇంకా దాచేదేముంది. వదినా, నేను వచ్చింది ఏడ్చుకోడానికి కాదు. ఒకటి అడగాలని వచ్చాను. దారంతా అదే ఆలోచించుకుంటూ వచ్చాను."

"అడుగు."

"నిన్న ఆయన అప్పటికప్పుడు ఆడలేదు. సాధన చేసుకుని వచ్చారు."

"ఎలా చెప్పగలవు?"

"నేను స్టేజీ మీద పెరిగినదాన్ని. ఎదుటివాడు నా మాట వింటున్నాడా, ముందే మింగిన మాట కక్కుతున్నాడా, ఆమాత్రం పోల్చుకోలేనా. నేను ఏడవట్లేదు. ఆయన 'ఏడవకు' అన్నారు. నేను నవ్వుతూ చలికోటు మాట చెప్తే, 'అంత మాటనకు, నీకు అన్యాయం చెయ్యను' అన్నారు. నేను ఏ మాటా అనలేదే. ఇంకెవరో అన్నదానికి జవాబది. ఆ క్షణంలో, పాపం, మాట తడబడ్డారనుకుని సర్దేశాను కూడా. ఇప్పుడు తెలుస్తోంది. నా స్థానంలో ఇంకో ఆడదాన్ని నిలబెట్టి, ఆవిడ ఏడుస్తుంటే, ఆవిడ తిడుతుంటే, దానికి ఏం చెప్పాలో ఒక్కోటీ వల్లె వేసుకున్నారు. నా వేషం ఎవరో వేశారు వదినా. నాకు ఆ మనిషి కావాలి."

"అలాంటిదేమీ ఉండదులే."

"ఉంది."

"ఇంకో ఆడది ఉందంటావా? వాడు అలాంటివాడు కాదు."

"ఆ రకంగా ఉన్నా బాగుండేది. జుట్టు పట్టుకునేదాన్ని, పీడా పోయేది. ఇది అంతకంటే నీచం. నేనెలా ఏడుస్తానో, ఏ మాట మీద విరిగిపోతానో ఆయనకి ఊహించి చూపించింది. నేను దేనికి లొంగుతానో నేర్పిపెట్టింది. ఎవరో నాకు తెలుసు."

"ఎవరు?"

"ఆ పొడుగు నర్సు. ఆయన ఎప్పుడూ ఆవిడతోనే జత కట్టేవారు. మొన్న మెట్ల మీద ఇద్దరూ గుసగుసలాడుతూ, నన్ను చూసి ఆపేశారు. ఇప్పుడు ఆసుపత్రిలో డ్యూటీలో ఉంటుంది. ఇక్కణ్ణించి అక్కడికే వెళ్తున్నాను. రోగులు చూడనీ, డాక్టర్లు చూడనీ, అక్కడే అడుగుతాను."

"వద్దు. వెళ్ళకు."

"ఎందుకు వద్దు?"

"ఆ పిల్ల జోలికెళ్ళకు. ఆ పిల్లకేం తెలీదు. ఉద్యోగం చేసుకునే పిల్ల, అందరి ముందూ అల్లరిపాలు చెయ్యకు."

"ఆవిడకేం తెలీదని మీకెలా తెలుసు?"

"ఊరికే అన్నాను."

"ఊరికే అనలేదు. ఆ వర్క్‌షాప్ సంగతే సరిగ్గా తెలీదన్నారు ఇందాక. ఎవరికి తెలుసో, ఎవరికి తెలీదో మీకెలా తెలుసు? నా మొహం చూసి చెప్పండి వదినా."

ఆడపడుచు పక్కనున్న చొక్కా అందుకుని బొత్తం పెట్టబోయింది.

"వదినా."

"నేనే."

"మీరే ఏంటి?"

"నీ వేషం వేసింది నేనే. ఇక్కడే. ఈ మిషను దగ్గర కూర్చుని."

మరదలు కుడుతున్న చొక్కా ఒళ్ళోంచి జారి కిందపడింది. ఇద్దరిలో ఎవరూ తీయలేదు.

"మీరా?"

"కూర్చో అమ్మాయ్."

"మీరా వదినా? నాకు జ్వరమొస్తే రాత్రంతా నా మంచం పక్కన కూర్చున్న మనిషి. మోకాలు ఆపరేషనయ్యాక నాకు జడ వేసిన మనిషి. పుట్టింటికి వెళ్ళాల్సిన కష్టమొస్తే, పుట్టిల్లు ఎందుకు, వదిన లేదా అనుకుని ఇక్కడికొచ్చిన నాకు..."

"ఇక్కడికే రావాలి. ఇంకెక్కడికొస్తావు. వాడొచ్చి, అక్కా, నేనింక ఆ ఇంట్లో ఉండలేను అన్నాడు. తిట్టాను. చెంప పగలగొట్టాను కూడా. వినలేదు. చెప్పకుండా ఏదో ఒక పొద్దున వెళ్ళిపోతానన్నాడు. అక్కడ నాకు భయమేసింది. మీ అన్నయ్య నన్నొదిలి ఎలా వెళ్ళాడో నీకు తెలుసుగా."

"తెలుసు. కుళాయి వాషరు కొనుక్కొస్తానని వెళ్ళారు."

"వాషరు కొనుక్కొస్తానని వెళ్ళాడు. కుళాయి కారుతూనే ఉంది. నేను బకెట్లు మారుస్తూనే ఉన్నాను. ఒక్క మాట చెప్పి వెళ్ళుంటే తిట్టుకుని బతికేదాన్ని. ఆ ఒక్క మాట లేక ఇన్నేళ్ళూ నా తప్పేంటా అని నన్ను నేను తవ్వుకున్నాను. అందుకని వాడితో అన్నాను. వెళ్తే వెళ్ళు, మొహం మీద చెప్పి వెళ్ళు, దొంగలా పోకు అని. వాడికి నోరు రాలేదు. నీ ముందు నిలబడితే మాట పెగలదన్నాడు. అయితే నా ముందు చెప్పి చూడు, నేను ఆ అమ్మాయిననుకో అన్నాను."

"అలా మొదలైంది."

"అలా మొదలైంది. ఇంట్లో కూర్చోబెట్టి చెప్తాడనే అనుకున్నాను తల్లీ. ఆ హాల్లో, ఆటని అడ్డం పెట్టుకుని చెప్తాడని నాకు తెలీదు. నా బిడ్డల్లాంటి ఈ చొక్కాల మీద ఒట్టు."

"ఒట్లు వద్దు. నాకు ఒకటి చెప్పండి. నేనై మీరేం అన్నారు?"

"ఎందుకిప్పుడు అవన్నీ."

"చెప్పాలి. నా నోరు పెట్టుకుని ఏం మాట్లాడారో నాకు తెలియాలి."

"మొదటిసారి నీలాగే మాట్లాడాలని చూశాను. నీ గొంతు పట్టుబడలేదు. తర్వాత... తర్వాత నీ సంగతే మరిచిపోయాను. ఎదురుగా నిలబడింది వాడు కాదు, మీ అన్నయ్య. నన్ను ఇలా నడిమధ్యలో వదిలేస్తే నా గతేంటి అన్నాను. నీకు ఏం తక్కువ చేశాను అన్నాను. కాళ్ళు పట్టుకున్నాను. వాడు బెదిరిపోయి, అక్కా లే, లే అన్నాడు. నేను లేవలేదు. ఇన్నేళ్ళుగా ఎవరితో అనాలో తెలీక లోపల కుళ్ళిపోయిన మాటలన్నీ వాడి మీద గుమ్మరించాను. మర్నాడు మళ్ళీ రమ్మన్నాను. వాడికి సాధన కావాలి. నాకు... నాకు అది కావాలి. అదీ నేను చేసింది."

"అంటే మీ తమ్ముడు సిద్ధపడి వచ్చింది మీ ఏడుపుకి. నా ఏడుపుకి కాదు."

"కాదు."

"నేనలా కాళ్ళు పట్టుకునేదాన్ని కాదు వదినా."

"తెలుసు. అందుకే వాడు అక్కడ తడబడ్డాడు."

"నేను ఉండిపొమ్మని అనేదాన్ని కూడా కాదు. వెళ్ళాలనుకున్న మనిషిని పట్టుకుని ఏం చేసుకుంటాను. ఊపిరాడట్లేదంటే నాకూ కొన్నేళ్ళుగా ఆడట్లేదు, ఆ సంగతి ఆయనకి తెలుసా? మోకాలు పోయింది నాకైతే, మొహం చెల్లనిది ఆయనకి. నేను కుంటుతుంటే నాలుగడుగులు ముందు నడిచేవారు. అప్పుడే వెళ్ళిపోయారు ఆయన. పెట్టె సర్దుకోవడమే ఆలస్యమైంది. అదంతా నేను కడుపులో పెట్టుకున్నాను. వెళ్తానని ఇంట్లో చెప్పుంటే, ఒకపూట అన్నం మానేసి, రెండోపూట అద్దాలు విప్పుకునేదాన్ని. నా కోపం వెళ్తున్నందుకు కాదు."

"మరి?"

"ఆ హాలు. లోకం మొత్తం మీద నాకు ఆ ఒక్కచోటే భయం లేదు. కాలు ఎలా పడినా సరే, నోట్లోంచి ఏమొచ్చినా సరే, దాన్ని పట్టుకుని ఎవరూ నన్ను నిలదియ్యరని నమ్మాను. చేత్తో పట్టుకుని నన్ను అక్కడికి తీసుకెళ్ళిన మనిషే, నా నమ్మకాన్ని తాడుగా పేని నా కాళ్ళకి కట్టారు. నా చేత ఔననిపించుకుని, ఆ ఔనుకి అంతమందిని సాక్ష్యం పెట్టుకున్నారు. ఇంక ఆ మెట్లు ఎలా ఎక్కను? ఎవరైనా నాతో ఏదైనా అంటే ఔనని ఎలా అనగలను? నా మొగుణ్ణి నేను పోగొట్టుకుంటే బతుకుతాను వదినా. ఆ ఔనుని పోగొట్టారు. అది నాకు తిరిగి ఎవరిస్తారు?"

"నా తల్లీ."

"తల్లి అనకండి. ఇవాళ్టికి ఆ మాట వద్దు. మీ మీద కోపం వచ్చి తీరాలి, ఇంకా రాలేదు, దారిలో ఉంది. ముందు ఆయన సంగతి. ఆయన మీ మాటలకి జవాబు నేర్చుకున్నారు. నా మాటలు ఆయన ఒక్కటీ వినలేదు. ఆఫీసులో ఉన్నా, ఏ లాడ్జిలో ఉన్నా, వెతికి పట్టుకుని ఎదురుగా నిలబెట్టి, ఇప్పుడు మీతో అన్నవన్నీ ఆయనతో అంటాను. ఔను లేకుండా అంటాను. లేవండి, అడ్డం తప్పుకోండి."

"వెతకక్కర్లేదు."

"ఏం?"

"వాడెదురుగా ఉంటే అలవాటుకొద్దీ మళ్ళీ ఔననేస్తావని నాకు భయమేసింది. అందుకని నువ్వు ఫోన్ చెయ్యగానే, పొద్దున్నే ఇక్కడికొచ్చిన వాణ్ణి ఆ లోపలిగదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశాను. నువ్వొచ్చినప్పట్నించీ అన్నీ వింటూనే ఉన్నాడమ్మా."